వంటింట్లోకి వచ్చిన వెలుగు ముద్ద

మా అమ్మ దాన్ని చూసిన సాయంత్రం నేను ఇంట్లోనే ఉన్నాను. ఈ సంగతి ముందే చెప్పేస్తాను, తర్వాత అందరూ నన్ను అడిగింది ఇదే కాబట్టి. ఇంట్లోనే ఉండి నువ్వెలా చూడలేదు? పడకగది తలుపు వేసుకుని, చెవులకు హెడ్‌సెట్ పెట్టుకుని ఆఫీసు కాల్‌లో ఉన్నాను. ఇంటి నుంచి పనిచేయడం అంటే ఇంట్లో ఉండటం కాదని మణికొండలో ఏ అపార్ట్‌మెంట్ తలుపు తట్టినా చెబుతారు.

ఏప్రిల్ నెల. పొద్దుటి నుంచి ఉడకబెట్టి, బడి బస్సులు తిరిగొచ్చే వేళకు ఒక్కసారిగా మబ్బు కమ్మింది. ఖాజాగూడ గుట్టల వైపు నుంచి దుమ్ము లేచింది, వెనకాలే వడగళ్లు వచ్చాయి. కరెంటు పోయింది. ఇన్వర్టర్ పుణ్యమా అని నా కాల్ మాత్రం ఆగలేదు. అవతలివాళ్లు మీ వైపు ఏదో శబ్దం వస్తోందని విసుక్కుంటే, అది ఉరుము అని చెప్పి క్షమాపణ కోరాను. ఉరుముకి కూడా మేమే క్షమాపణ చెప్పుకోవాల్సిన ఉద్యోగం మాది.

అప్పుడు అమ్మ తలుపు తీసింది. నేను కాల్‌లో ఉండగా అమ్మ ఎప్పుడూ తలుపు తీయదు. ఒకసారి వేలు తెగి రక్తం కారుతున్నా తనే కట్టు కట్టుకుని, నేను బయటికి వచ్చాక చూపించిన మనిషి. అలాంటిది గుమ్మంలో నిలబడి, "బిడ్డా, జర ఇటు రా" అంది.

వంటింట్లో స్టవ్ ఆపేసి ఉంది. పాల గిన్నె పక్కన పెట్టి ఉంది. మా పాప హాల్లో సోఫా మీద, బడి బట్టల్లోనే నిద్రపోతోంది.

"గిప్పుడే ఒకటి వచ్చిపోయింది" అంది అమ్మ. "కిటికీ జాలీలకెల్లి వచ్చింది. బత్తాయంత ఉంటది. తెల్లగ కాదు, జర పసుపు. చూస్తే కండ్లు గుంజలే. పొయ్యి మీదికెల్లి సింకు దాంక నిమ్మళంగ పోయి ఆడ నిలవడ్డది. నేను కదల్లే. టప్పుమని సప్పుడు జేసి పోయింది. ఎక్స్‌రే రూముల వాసనుంటది సూడు, గసుంటి వాసనొచ్చింది."

నాకు వాసన తెలియలేదు. దోమల జాలీకి ఒక మూల బఠాణీ గింజంత కన్నం ఉంది, అంచులు కరిగి గట్టిపడ్డాయి. అది అంతకుముందు ఉందో లేదో నాకు తెలియదు. జాలీ వైపు ఎవరు చూస్తారు? సరేనమ్మా, మెరుపేమో, నువ్వు కూర్చో అని చెప్పి మళ్లీ కాల్‌లోకి వెళ్లిపోయాను. హెడ్‌సెట్‌లో అప్పటికే నా పేరు రెండుసార్లు పిలిచారు.

అమ్మ ఒక జిల్లా సర్కారు దవాఖానాలో స్టాఫ్ నర్సుగా చేసి రిటైరైంది. నాన్న అంతకుముందే పోయాడు. పాప పుట్టినప్పుడు మా దగ్గరికి వచ్చింది, ఇక వెళ్లలేదు. మధ్యాహ్నం బడి బస్సు గేటు దగ్గరికి వచ్చేసరికి అమ్మ అక్కడ ఉంటుంది. సాయంత్రం మా ఆయనా నేనూ పని ముగించేదాకా పాప ఆమె చేతుల్లో ఉంటుంది. నా ఉద్యోగం, మా ఆయన ఉద్యోగం, ఈ ఇంటి కిస్తీ, అన్నీ గేటు దగ్గర నిలబడే ఆ ఒక్క మనిషి మీద నడుస్తున్నాయి. ఇది మాకు తెలుసు. తెలిసినా పెద్దగా అనుకునేవాళ్లం కాదు.

మా ఆయనది గుంటూరు వైపు. నాలాగే కంప్యూటర్ల పని, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఆఫీసు. మంచివాడు, భయస్తుడు. ఆ రాత్రి భోజనం దగ్గర అమ్మ చెప్పిందంతా శ్రద్ధగా విన్నాడు. "అలాగా అండి, ఎంతసేపు ఉందండి అత్తయ్య గారూ?" అని అడిగాడు. తర్వాత గదిలోకి వచ్చి మెల్లగా అన్నాడు:

"మెదడులో ఏదన్నా మొదలైనప్పుడు ఇలాగే వెలుగులు కనిపిస్తాయంట. చిన్న ఫిట్స్ లాంటిది. గ్యాస్ దగ్గరున్నప్పుడు వస్తే? పాపని తీసుకొస్తూ లిఫ్టులో వస్తే?"

"అమ్మ చూసింది. జాలీకి కన్నం పడ్డది" అన్నాను.

"మనం కొనకముందు అద్దెకున్నోళ్లు ఏ సిగరెట్టో అంటించుంటారు. నేను అత్తయ్య గారిని తప్పుబట్టట్లేదు. డాక్టరు ఏమీ లేదనేదాకా పాపని డేకేర్‌లో పెడదాం అంటున్నా, అంతే."

అతని మాటలో తప్పు పట్టడానికి నాకేమీ దొరకలేదు. అందుకే ఎక్కువ కోపం వచ్చింది.

డేకేర్ మాట అమ్మ చెవిన పడనే పడింది. మర్నాడు చిక్కుడుకాయలు ఒలుస్తూ, తల ఎత్తకుండా అంది: "పిల్ల నా దగ్గర లేకుంటే ఇగ నేనీడ ఎందుకు బిడ్డా? మా చెల్లె దగ్గరకు పోత. బాచుపల్లిల ఆమెకు గూడ ఒక మనిషి కావాలె." బాధగా అనలేదు. డ్యూటీ చార్టు మారితే ఏ వార్డుకి పోవాలో చెప్పుకున్నట్టు అంది. నా కూతురు ఆమె దగ్గర తప్ప ఎవరి దగ్గరా మధ్యాహ్నం నిద్రపోదు. ఆ పిల్ల లేకపోతే అమ్మకు రోజు గడవదు. ఒక బత్తాయంత వెలుగు వచ్చి ఈ రెండిటి మధ్యా నిలబడింది.

ఇక్కడ నా ఉద్యోగం గురించి చెప్పాలి. దూరదేశంలో ఎవరిదో ఒక పెద్ద కంపెనీ సిస్టమ్ ఆగిపోతే మాకు టికెట్, అంటే ఒక ఫిర్యాదు ఫారం, వస్తుంది. దాన్ని మళ్లీ నడిపించడం సగం పనే. అసలు పని ఆ తర్వాత ఉంటుంది. ఎందుకు ఆగింది? రూట్ కాజ్, అంటే మూలకారణం ఏమిటి? ఫారంలో ఆ గడి ఖాళీగా ఉంటే టికెట్ మూతపడదు. నిజంగా తెలియకపోయినా సరే, తెలియదు అని రాయడానికి వీల్లేదు. చాలాసార్లు మాకు తెలియదు. సిస్టమ్ తనంతట తానే ఆగింది, తనంతట తానే లేచింది. అప్పుడు మా టీమ్‌లో అందరూ "నెట్‌వర్క్ గ్లిచ్" అని రాస్తారు. ఆ గ్లిచ్‌ని ఎవరూ చూడలేదు, ఎప్పుడు వచ్చిందో ఎటు పోయిందో ఎవరికీ తెలియదు. కానీ ఆ మాట పడగానే అవతలివాళ్లు తల ఊపుతారు, టికెట్ ఆకుపచ్చ రంగులోకి మారుతుంది, అందరం టీకి వెళ్తాం. ఏళ్ల తరబడి ఇదే చేసి చేసి, కారణం లేని సంగతి కనిపిస్తే నాకు చేతులు ఊరుకోవు. మా ఆయనా అంతే. ఈ ఐటీ కారిడార్ పొడుగునా మెడలో ట్యాగు వేసుకుని తిరిగేవాళ్లందరికీ ఇదే జబ్బు.

అమ్మ చూసినదానికి కారణం వెతకడం మొదలుపెట్టాను. కాల్స్‌లో నేను మాట్లాడాల్సిన అవసరం లేని సమయం చాలా ఉంటుంది, కెమెరా ఆపుకుని అప్పుడు చదివేదాన్ని. అమ్మ చెప్పినటువంటివి ఎంతోమంది చూశారని తెలిసింది. పిడుగుల వానలో గుండ్రటి వెలుగు ఇంట్లోకి రావడం, మెల్లగా తేలడం, శబ్దం చేసి పోవడం. దాన్ని బంతి మెరుపు అంటారు. అదేమిటో ఇప్పటికీ ఎవరూ తేల్చలేదు. ఆ మాట చదివినప్పుడు నాకు ఉత్సాహం రాలేదు, నీరసం వచ్చింది. తేలలేదు అన్న మాట తీసుకెళ్లి మా ఆయన ముందు పెడితే ఏం లాభం?

అలా వెతుకుతుంటేనే కృష్ణబిలాల, అదే బ్లాక్ హోల్స్, సంగతి దొరికింది. విశ్వం పుట్టిన తొలి క్షణాల్లో, ఇంకా నక్షత్రాలు కూడా లేనప్పుడు, బుల్లి బుల్లి కృష్ణబిలాలు పుట్టి ఉండొచ్చట. ఒక కొండంత బరువు అణువుకన్నా చిన్న చోట ఇమిడి ఉంటుందట. దాన్ని చూడలేం. కానీ అది గాలిలోంచి పోతుంటే చుట్టూ గాలి వేడెక్కి వెలుగుతుందని, మనుషులు చూసే ఈ మెరుపు ముద్దల్లో కొన్ని అవే కావచ్చని కొందరి ఊహ. ఊహ మాత్రమే. అలాంటి బిలాలు ఉన్నాయనడానికే రుజువు లేదు. ఉన్నా, ఆకాశంలోంచి అంత వేగంతో వచ్చేది భూమిని ఇటు నుంచి అటు దాటిపోతుంది తప్ప సింకు దగ్గర ఆగదని ఆ వ్యాసం కిందే ఇంకెవరో రాశారు.

చదివి నవ్వుకున్నాను. ఒకరు కంటితో చూసినదానికి, ఎవరూ ఎన్నడూ చూడనిదాన్ని కారణంగా చూపడం. ఇది మా నెట్‌వర్క్ గ్లిచ్చే కదా, కాకపోతే కొంచెం పెద్ద చదువులు చదివింది. అయినా ఆ ఊహ నన్ను వదల్లేదు. సూర్యుడికన్నా ముందు పుట్టిన ఒక నలుసు, ఏ చీకట్లలోనో తిరిగి తిరిగి, చివరికి మణికొండలో పాలు కాగుతున్న వంటింటికి వచ్చిందన్నది ఎంత బాగుంది. ఆఫీసుకి వెళ్లిన రోజుల్లో సాయంత్రం బయోడైవర్సిటీ కూడలి దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుని, ముందున్న బండి వెనక దీపాలు చూస్తూ దాని గురించే ఆలోచించేదాన్ని. చాలాకాలం తర్వాత నాకు పనికి సంబంధం లేని ఒక ఆలోచన వచ్చింది.

మళ్లీ చిక్కుడుకాయలు ఒలుస్తున్న అమ్మకి చెప్పాను. ఊహే సుమా అని కూడా చెప్పాను. కానీ ఎంత సంతోషంగా చెప్పి ఉంటానో, ఆ హెచ్చరిక అమ్మకి వినబడినట్టు లేదు.

"అంటే గీ భూమి కన్న ముందుగాల పుట్టిందా?"

"ఉంటే, అవునమ్మా."

"దేవుడు మొదట్ల జేసింది" అంది అమ్మ. ఒలిచిన గింజలు అరచేతిలో పట్టుకుని కాసేపు కిటికీ వైపు చూసింది. "దానికి మంచి పేరే ఉన్నది చూడు" అంది.

డాక్టరు దగ్గరికి ముగ్గురం వెళ్లాం. పెద్ద ఆస్పత్రి, చల్లటి హాలు, టోకెన్లు. నరాల డాక్టరు చిన్నవాడు, మర్యాదస్తుడు. అయినా అమ్మ ఆయన రాగానే లేచి నిలబడింది. కూర్చోమన్నా కుర్చీ అంచునే కూర్చుంది. ముప్పై ఏళ్లు రౌండ్లలో పెద్ద డాక్టర్ల వెనక నడిచిన అలవాటు అది. అక్కడ కథ చెబితే తిడతారు. ఏమిటి సిస్టర్ అంటే ఒక్క జబ్బు పేరు చెప్పాలి, మిగతాది చార్టులో ఉంటుంది. నిమోనియా సార్. డెంగీ సార్. అంతే.

"ఏం కనిపించిందమ్మా మీకు?" అన్నాడు డాక్టరు.

"చిన్న బ్లాక్ హోల్ సార్" అంది అమ్మ.

డాక్టరు రాసుకోవడం ఆపాడు. మా ఆయన నేల వైపు చూశాడు. బత్తాయి, పసుపు, ఎక్స్‌రే గది వాసన, ఏ ఒక్కటీ చెప్పలేదు అమ్మ. ఇల్లంతా కారణం కోసం తన్నుకులాడుతుంటే ఆమెకూ అదే పట్టుకుంది. చూసినది వదిలేసి పేరు చెప్పింది.

"ఇది మీకెవరు చెప్పారమ్మా? ఎవరైనా మాట్లాడినట్టు వినబడుతుంటుందా?"

"మా బిడ్డ చెప్పింది సార్. కంప్యూటర్ల చదివింది."

నేను కల్పించుకుని, అది ఒక ఊహ అని, తొలి క్షణాలని, అణువని, నా వంతు వివరించాను. డాక్టరు ఓపిగ్గా విని, "మీరు సరిగ్గా నిద్రపోతున్నారా?" అని నన్ను అడిగాడు. అమ్మను చూపించడానికి వెళ్లి నేనూ పేషెంట్ అయ్యాను. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. ఆ రోజు మాత్రం లిఫ్టులో ముగ్గురం మూడు గోడల వైపు చూస్తూ దిగాం.

స్కాన్ తీశారు. ఈ వయసుకి ఇలాగే ఉంటుంది, భయపడాల్సిందేమీ కనిపించలేదు, కొన్నాళ్లు గమనిస్తూ ఉండండి అన్నారు. మామూలు మనుషులైతే అక్కడితో ఊపిరి పీల్చుకునేవాళ్లు. మా ఆయన ఆ కాగితం తిప్పి తిప్పి చదివాడు.

"ఏమీ లేదంటే కారణం దొరకలేదని కదా" అన్నాడు. "దొరక్కపోతే మళ్లీ రావచ్చు కదా."

మా వృత్తిలో అది నూటికి నూరుపాళ్లు నిజం. నేనూ అదే మాట జూనియర్లకి చెబుతుంటాను.

శనివారం ఇద్దరం వెళ్లి డేకేర్ చూసి వచ్చాం. శుభ్రంగా ఉంది. గోడల మీద ఏనుగులు, జిరాఫీలు. ఒక గదిలో పిల్లలు వరసగా చాపల మీద పడుకుని కళ్లు తెరుచుకుని ఉన్నారు. తిరిగి వచ్చేసరికి అమ్మ తన బట్టలు మడతపెట్టి మంచం మీద పెట్టుకుంది. సంచిలో మాత్రం పెట్టలేదు. పాప ఆ మడతల మీద ఎక్కి కూర్చుని ఉంది.

మర్నాడు చర్చి నుంచి వచ్చి భోజనానికి కూర్చున్నాం. అమ్మ మా ఆయన కంచంలో కూర వడ్డిస్తూ, మామూలు గొంతుతో మొదలుపెట్టింది.

"అయ్యా, మీరు పరేషాన్ కాకుండ్రి. నాకు కండ్లల్ల శుక్లాలు మొదలైనయ్. దీపం చుట్టు గుండ్రంగ వలయాలు కనవడ్తున్నయ్ చానొద్దుల సంది. ఆ దినం మెరుపు మెరిసినప్పుడు గూడ గదే అయ్యుంటది. నేనే ఏమో అనుకున్న. పెద్దదాన్నైతున్న గదా."

మా ఆయన ముఖం ఎలా విప్పారిందో నేను చూశాను. "శుక్లాలా అత్తయ్య గారూ? ముందే చెప్పొచ్చు కదండి" అన్నాడు. ఆ గొంతులో వెటకారం లేదు, ఉత్త ప్రేమే. అతనికి కావలసింది అమ్మని పంపేయడం కాదు పాపం. ఆ గడిలో ఏదో ఒక మాట పడటం.

అమ్మ నా వైపు చూడలేదు. వలయాల సంగతి అంతకుముందు ఎన్నడూ ఆమె నోట నేను వినలేదు. కానీ శుక్లాలుంటే దీపాల చుట్టూ ఏం కనిపిస్తుందో ఒక నర్సుకి ఎవరూ చెప్పనక్కర్లేదు.

కంటి డాక్టరు చూసి, శుక్లాలు ఉన్నమాట నిజమే, ఇప్పుడే మొదలయ్యాయి, ఇబ్బంది లేకపోతే కొంతకాలం ఆగొచ్చు, ఇబ్బందిగా ఉంటే ఇప్పుడే ఆపరేషన్ చేసేద్దాం అన్నాడు.

"ఇబ్బందైతుంది సార్" అంది అమ్మ, లేచి నిలబడి.

చేశారు. ఒక కన్ను, కొన్ని వారాలకి రెండోది. మా ఆయన సెలవు పెట్టి దగ్గరుండి చూసుకున్నాడు, చుక్కల మందు వేళకి వేశాడు, నల్లద్దాలు తుడిచి పెట్టాడు. డేకేర్ మాట మళ్లీ ఎత్తలేదు. మడతపెట్టిన బట్టలు బీరువాలోకి వెళ్లిపోయాయి. ఒకరోజు నేను చుక్కలు వేస్తూ అడిగాను: "అది నిజంగ శుక్లం వల్లనేనా అమ్మా?"

"చుక్కలెయ్యి బిడ్డా, కారిపోతున్నయ్" అంది.

ఆ వారంలోనే వంటింటి కిటికీకి కొత్త జాలీ కనిపించింది. కింద జాలీలు బిగించేవాడు అరుస్తూ పోతుంటే పిలిచి మార్పించిందట. పాతది ఏం చేశావంటే చెత్తబండిలో వేశానంది.

ఇప్పుడు అందరం బాగానే ఉన్నాం. టికెట్ మూసినట్టే. నాకే ఒకటి తేడాగా ఉంటోంది. మా అమ్మ ఉన్నది ఉన్నట్టు చెప్పే మనిషి. దగ్గు వస్తే ఎప్పటి నుంచి వస్తోందో, నొప్పి వస్తే ఎక్కడి నుంచి ఎక్కడికి లాగుతోందో, అడిగితే అడిగినంత చెప్పేది. ఇప్పుడు మోకాళ్లు నొప్పిగా ఉన్నాయా అంటే లేదంటుంది. తల తిరిగిందా అంటే లేదంటుంది. గోడ పట్టుకుని నిలబడి ఉండగా అడిగినా లేదంటుంది. పాపను తీసుకురావడానికి గేటు దగ్గరికి మాత్రం ముందే వెళ్లి నిలబడుతుంది. ఆ వెలుగు ఏమిటో నాకు తెలియకపోయినా ఫరవాలేదు, దానితో బతకగలను. అమ్మకి ఏమవుతోందో నాకు తెలియకుండా పోయింది, దీనితో ఎలా బతకాలో అర్థం కావడం లేదు.

మొన్న సాయంత్రం మళ్లీ గాలివాన వచ్చింది. మెరుపులు, ఉరుములు, కరెంటు పోవడం, అన్నీ ఆనాటిలాగే. కాల్‌లో ఎవరో నన్ను ఏదో అడుగుతున్నారు. హెడ్‌సెట్ తీసి బల్ల మీద పెట్టి వంటింట్లోకి వెళ్లాను. అమ్మ కిటికీకి ఎదురుగా నిలబడి ఉంది, ఆ కొత్త కళ్లతో జాలీ వైపే చూస్తోంది. స్టవ్ మీద పాలు పొంగడానికి వచ్చాయి, నేనే ఆపాను.

"ఏమన్న కనవడ్డదా అమ్మా?"

"లేదు బిడ్డా" అంది, నా వైపు తిరగకుండా. తర్వాత గ్లాసులో పాలు పోసి, చక్కెర కలుపుతూ మెల్లగా అంది: "కనవడ్డా నేను లేదనే అంట గదా ఇగ."

గ్లాసు పట్టుకుని పాపను లేపడానికి హాల్లోకి వెళ్లింది.